పొల్లు సకారం, పన్నెండు గొర్రెలు

నన్ను చంపబోయింది ఒక అక్షరం. పూర్తి అక్షరం కూడా కాదు, అచ్చు దొరక్క గాలిలో వేలాడే పొల్లు సకారం. పులి నోట పడి పోయినవాడికి ఊళ్లో ఒక గౌరవం ఉంటుంది. సముద్రంలో కొట్టుకుపోయినవాడికి పేపర్లో ఫొటో వేస్తారు. వ్యాకరణం వల్ల పోయినవాడి గురించి ఏం రాస్తారో నాకు తెలీదు. రాయాల్సిన అవసరం వచ్చేదాకా మాత్రం నేనూ గంగన్నా వెళ్లాం. అదీ బహ్రెయిన్‌లో, బయట నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తుండగా, చలికి.

మూడేళ్ల కిందటి మాట. నాకప్పుడు ఇరవై నాలుగు. మీనా సల్మాన్ రేవు దగ్గర మా కంపెనీకి ఒక రేకుల షెడ్డు ఉండేది. మాంసం దుకాణాలకీ హోటళ్లకీ కోల్డ్‌రూములు బిగించడం మా పని. అందులో నా పని ఏ పెట్టెలో ఎన్ని బోల్టులు వచ్చాయో రాసుకోవడం. కాకినాడలో మా వాళ్లకి మాత్రం ఇంజినీరునని చెప్పుకున్నాను. ఎవరూ బోల్టులు లెక్కపెట్టడానికి రారు కదా.

ఆ వేసవిలో కంపెనీ మొదటిసారి ఇటలీ నుంచి ఒక కోల్డ్‌రూము తెప్పించింది. గది అంటే నిజంగా గదే. నలుగురు పడుకోవచ్చు, కాకపోతే లేవరు. మాట్లాడే గది అది. లోపల స్పీకరు ఉంది, అందులో ఒక ఆడమనిషి గొంతు ఉంది. ఆ గొంతుకి ఇటాలియన్ తప్ప ఇంకేమీ రాదు. పుస్తకమూ ఇటాలియనే. భాష మార్చాలంటే కావలసిన పాస్‌వర్డు, ఆ గదిని తయారుచేసిన చోటి నుంచి వస్తున్న దొనాతెల్లా అనే ఇంజినీరమ్మ దగ్గర ఉంది. ఆవిడ గురువారం మూడు గంటలకి వచ్చి గదిని పరీక్షిస్తుంది. దాంతోపాటు గంగన్ననీ.

గంగన్న, అంటే గంగారాం, జగిత్యాల పక్క మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే హెల్పరు. ఏ కంప్రెసరైనా దాని మీద చెయ్యేసి, జ్వరం చూసినట్టు చూసి, రోగం చెప్పగలడు. కానీ కాగితం మీద హెల్పరే. ఆ నెలతో అతని వీసా అయిపోతోంది. దొనాతెల్లా పరీక్ష పెట్టి సంతకం చేస్తే టెక్నీషియన్ వీసా మీద ఉండిపోతాడు. చెయ్యకపోతే ఖలాస్, చేతిలో టికెట్టు. పరీక్ష ఏమిటంటే, గది తెరమీద వచ్చే ఇటాలియన్ మాట చదివి, దానికి తగ్గ పని చేసి చూపించాలి.

"నేను ఏడో తరగతి దాంక సదివిన, అది గూడ తెలుగుల," అన్నాడు గంగన్న మేనేజర్ సారు ముందు. "గీ ఇటాలీ యాడికెల్లి రావాలె సార్?"

"ఇక్కడెవరికైనా ఇటాలియన్ వచ్చా?" అన్నారు సారు.

ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే మీరీ పాటికి ఇంకేదో చదువుకుంటూ ఉండేవారు. నేను చెయ్యెత్తాను. ఫోన్‌లో పంతొమ్మిది రోజులు ఇటాలియన్ నేర్చుకున్నాను మరి. ఇరవయ్యో రోజు ఫోను కిందపడింది. అయినా తెలుగువాడికి ఇటాలియన్ నేర్పడమేమిటి, రెంట్లోనూ మాటలు అచ్చుతోనే ముగుస్తాయి, రెండూ తోబుట్టువులు అని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా డిగ్రీ.

సాయంత్రాలు క్యాంపులో పాఠం మొదలైంది. పుస్తకంలో మాటల్ని ముక్కలు చేసి, తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చేవాణ్ణి. ముక్క ముక్కకీ మధ్య చిన్న గీత.

"రహస్యమంతా మాట ముందు అతికించే ముక్కలో ఉంటుందన్నా. దాన్ని ఉపసర్గ అంటారు," అన్నాను, ఫ్యాను కింద మఠం వేసుకుని. "ముక్క విరిచామా, మాట లొంగిపోయినట్టే. ఇప్పుడు చూడు. వీళ్లకి 'స' అనే ఉపసర్గ ఉంది. స్కారికో, స్‌బ్లొక్కాతా, స్‌బ్రినమెంతో, అన్నిట్లోనూ ముందు అదే."

"స అంటే?"

"మనకి లేదూ? వినయం, సవినయం. కుటుంబం, సకుటుంబం. పెళ్లి పత్రిక ఎప్పుడైనా చదివావా? సకుటుంబ సపరివార సమేతంగా. స అంటే 'తో సహా'. కారికో అంటే సరుకు. స, కారికో, సరుకుతో సహా. బ్లొక్కాతా అంటే బిగించినది. స, బ్లొక్కాతా, బిగింపుతో సహా."

గంగన్న కాగితం మీంచి తలెత్తాడు.

"గట్లయితే సమోస?"

"ఏమైంది?"

"స ఉన్నది గదా తమ్మీ. మోస ఎవలు?"

"అది వేరే అన్నా," అన్నాను. విద్యార్థి మరీ తెలివైనవాడైతే గురువుకి ఇబ్బంది.

బుధవారం నుంచి షెడ్డులో వాతావరణం మారింది. పరీక్ష కోసం ఆ గదిలో పన్నెండు గొర్రెల్ని తెచ్చి వేలాడదీశారు. తోలు తీసి, తల తీసి, ఒక్కోదానికి నిలువునా తెల్లగుడ్డ తొడిగి, వరసగా కొక్కేలకి తగిలించారు. దూరం నుంచి చూస్తే పన్నెండుమంది తలల్లేని వాళ్లు ఎవరి కోసమో క్యూలో నిలబడ్డట్టుండేది. తలుపు వేసి వచ్చేశారు. గంట తర్వాత, మనిషి లేని ఆ గదిలోంచి ఆడగొంతు వినిపించింది.

స్పీకరు తీగ ఎక్కడో వదులైనట్టుంది, గొంతు నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు, విరిగి విరిగి వచ్చేది. "పోర్... తా... స్... బ్లొక్... కా... తా..." ఆ సకారం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగేది, చెప్పాలా వద్దా అన్నట్టు.

ఫోర్క్‌లిఫ్టు నడిపే షఫీక్ భాయ్ బండి అక్కడే వదిలేసి టీకి వెళ్లాడు. మర్నాటిదాకా ఆ టీ తాగుతూనే ఉన్నాడు.

"దాంట్ల మనిషి లేదు. మరి ఎవలికి చెప్తున్నదది?" అన్నాడు గంగన్న.

నాకు అర్థమైంది మాత్రం చెప్పాను. "పోర్తా అంటే తలుపు. తలుపు బిగింపుతో సహా. అంటే తాళం పడిందని చెబుతోంది."

"ఎవలికి చెప్తున్నదని అడుగుతున్న."

దానికి నా దగ్గర ఉపసర్గ లేదు.

గురువారం. మధ్యాహ్నం పన్నెండున్నరకి షెడ్డు ఖాళీ అయింది, అందరూ భోజనాలకి పోయారు. నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఆవిడ రాకముందే లోపలికెళ్లి, లోపలి తెరమీద మాటలు ఒకసారి చదువుకుంటే గంగన్నకి ధైర్యం వస్తుందని. ఇద్దరం వెళ్లాం. నేను కాటన్ చొక్కాలో, గంగన్న బనీను మీద పల్చని డ్యూటీ కోటులో.

తలుపు దానంతటది మూసుకుంది. మూసుకున్న చప్పుడు కూడా లేదు. చెవుల్లో దూది పెట్టినట్టు బయటి లోకం ఆగిపోయిందంతే.

లోపల నీలం లైటు. పైన ఫ్యాన్లు. గాలికి గొర్రెలు మెల్లగా ఊగుతున్నాయి, ఒకదాని గుడ్డ ఇంకోదానికి రాసుకుని గుసగుసమంటోంది. తెరమీద నాలుగు డిగ్రీలు. మా ఊపిరి మాకే పొగలా కనిపిస్తోంది.

అప్పుడు, నా చెవి పక్కనే అనిపించేంత దగ్గరగా, ఆవిడ మాట్లాడింది.

"పోర్... తా... స్... బ్లొక్... కా... తా..."

"తాళం పడ్డదా?" అన్నాడు గంగన్న మెల్లగా.

పిడి పట్టి లాగాను. తలుపు రాలేదు. ఇంకోసారి లాగాను. గోడని లాగినట్టుంది.

"పడింది."

గంగన్న ఒక అడుగు వెనక్కి వేసి భుజం వంచాడు. "జరుగు తమ్మీ. ఒక్క దెబ్బ ఏస్త."

మీరు గమనించాలి, ఇక్కడ ఒక అజ్ఞాని మమ్మల్ని కాపాడబోయాడు. ఒక విద్యావంతుడు ఆపాడు.

"ఆగన్నా. పుస్తకంలో బొమ్మ ఉంది. తాళం పడ్డప్పుడు తలుపు మీద బలం పెట్టకూడదు, చేతి బొమ్మ మీద ఎర్రగీత కొట్టాడు. తాళం విరిగితే ఆవిడ సంతకం పెడుతుందా?"

భుజం దిగిపోయింది. సంతకం అన్న మాట గంగన్న మీద ఏ తాళంకన్నా గట్టిగా పనిచేసింది.

తలుపు పక్కన ఆకుపచ్చ రేకు మీద పెద్ద అక్షరాలు ఉన్నాయి. గంగన్న చూపించాడు. "గదేం రాసిండ్రు?"

కూడబలుక్కున్నాను. "స... పిం... జె... రే."

"ముందు స ఉన్నది."

"ఉంది. స, పింజెరే. పింజెరే అంటే..."

ఆగాను. పంతొమ్మిది రోజుల్లో ఆ మాట రాలేదు. గంగన్న ముఖం నీలం లైటులో బూడిదలా ఉంది.

"హిందీల పింజ్రా అంటరు," అన్నాడు. "పంజరం."

పంజరం, పింజ్రా, పింజెరే. మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. భాషలన్నీ చుట్టాలే అని నేనే కదా అన్నాను. ఇంత తొందరగా చుట్టపుచూపుకి వస్తాయనుకోలేదు.

"పంజరంతో సహా," అన్నాను.

ఇద్దరం ఆ ఆకుపచ్చ రేకుకి దూరంగా జరిగాం.

ఫోన్లు పనిచెయ్యలేదు. ఉక్కు గోడలు, వాటి మధ్య జానెడు మందం ఫోము, సిగ్నలు ఏ సందులోంచి వస్తుంది. అరిచాం. అరుపు గోడకి తగిలి మెత్తగా కింద పడిపోయింది. చివరికి గంగన్న మోకాళ్ల మీద కూచుని, నేలలో నీళ్లు పోయే పైపు దగ్గర నోరు పెట్టాడు. ఆ పైపు షెడ్డు అవతల కాలవలోకి తేలుతుందని అతనికి తెలుసు, బిగించింది అతనే.

"భాయ్... బచావ్ భాయ్... హమ్ అందర్ హై..."

కాపాడండి, లోపల ఉన్నాం అని. కాసేపటికి పైపులోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చింది. ఆగింది.

"కౌన్?" ఎవరని అడిగింది షఫీక్ భాయ్ గొంతు, కాలవ పైనుంచి.

గంగన్న ఆనందంతో ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ అందుకుంది. "పోర్... తా... స్..."

చెప్పుల చప్పుడు వెళ్లిపోయింది. నాలుగడుగుల తర్వాత చెప్పులు కూడా లేవు, వట్టి పాదాల పరుగు మాత్రమే ఉంది. కాలవలోంచి ఒక మగగొంతు లోపలున్నాం కాపాడమంటే, దాని వెనక ఆడగొంతు వంత పాడితే, నేనైనా చెప్పులు చూసుకోను.

అంతలో ఫ్యాన్లు ఆగిపోయాయి.

అప్పటిదాకా ఆ రొద ఉందని కూడా మాకు తెలీదు. ఆగాక తెలిసింది నిశ్శబ్దం ఎంత పెద్దదో. గొర్రెల ఊగుడు నెమ్మదించి, ఒక్కొక్కటే ఆగింది. ఎక్కడో నీటి చుక్క పడింది. ఇంకొకటి. తెరమీద కొత్త మాట వెలిగింది. స్‌బ్రినమెంతో.

"ఇగ గదేంది?" అన్నాడు గంగన్న.

"బ్రీనా అంటే మంచు. మంచుతో సహా." నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. "ఇప్పుడు మంచు మొదలవుతుందన్నా."

"నాకైతే సలి తగ్గినట్టే ఉన్నది."

"అలాగే ఉంటుంది. గడ్డకట్టేముందు వెచ్చగా అనిపిస్తుందట."

అతను పల్చని కోటుతో మామూలుగా కూచుని ఉన్నాడు. నేను గజగజ వణుకుతున్నాను. అతనికి చలి మాత్రమే ఉంది, నాకు అర్థం కూడా తెలుసు.

కదలకుండా కూచున్నామేమో, లైటు ఆరిపోయింది.

చీకటి అంటే, నాకైతే కళ్లు తెరిచినా మూసినా ఒకటే. నీటి చుక్కలు. గుడ్డ వాసన. మా కాళ్లకి జానెడు దూరంలో పన్నెండుమంది నిలబడి ఉన్నారన్న ఎరుక.

"తమ్మీ," అన్నాడు గంగన్న చీకట్లోంచి. "ఒక మాట దాసిన."

"చెప్పన్నా."

"ఇంట్ల నేను టెక్నీషియన్ అయిన అని రెండేండ్ల కిందనే చెప్పిన. మా బిడ్డ నర్సింగు సదువుతది. దాని కాలేజీ ఫారం మీద గూడ అట్లనే రాసింది, తండ్రి టెక్నీషియన్ అని. ఇయ్యాల సంతకం పడితే అబద్ధం నిజమైతుండే."

 చీకట్లో నిజం చెప్పినవాడికి నిజమే బాకీ అనిపించింది.

"నేనూ ఒకటి దాచానన్నా. నాకు ఇటాలియన్ పంతొమ్మిది రోజులే వచ్చు. ఫోన్‌లో."

చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. ఇరవై చుక్కలైనా పడి ఉంటాయి.

"నీ సదువు సల్లగుండ," అన్నాడు గంగన్న.

"ఉందన్నా. నాలుగు డిగ్రీలు."

అప్పుడు లైటు వెలిగింది.

నేను కదల్లేదు. గంగన్న కదల్లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫ్యాన్లు మాత్రం అప్పటికే మళ్లీ తిరుగుతున్నాయి. వరస చివర ఉన్న గొర్రె ఒక్కటే, మిగతావాటికంటే ముందు, మెల్లగా మా వైపు తిరిగింది. ఆవిడ గొంతు మళ్లీ అదే మాట అంది. గంగన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఎవరి చెయ్యి పట్టుకున్నానో చూసుకోదలుచుకోలేదు.

తలుపు తెరుచుకుంది.

ఎండ మా మీద పడింది. ఎండలో తెల్లజుట్టు, తెల్లకోటు, పొట్టి మనిషి ఒకావిడ. ఒక చేత్తో తలుపు పట్టుకుని ఉంది. రెండో చేతిలో సంచి. ఆవిడ వెనకాల చాలా దూరంలో, మేనేజర్ సారు భుజం చాటున, షఫీక్ భాయ్.

"మీరిద్దరూ లోపలేం చేస్తున్నారు?" అంది దొనాతెల్లా ఇంగ్లీషులో. మూడింటికి రావలసిన మనిషి ముందే వచ్చేసింది.

"తాళం పడింది మేడమ్. గంట అయింది."

ఆవిడ తలుపు వంక చూసింది. నా వంక చూసింది. సంచి తెరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉన్న ఒక ఇనప వస్తువు తీసి చూపించింది.

"ఈ తలుపుకి తాళం ఇదిగో. ఇంకా బిగించలేదు."

ఆ తర్వాత నేను బాల్యం నుంచి నేర్చుకున్నదంతా పోగొట్టుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వాళ్ల సకారం 'తో సహా' కాదట. తన వెనక వచ్చే మాటని తలకిందులు చేస్తుందట. బ్లొక్కాతా అంటే తాళం పడింది. స్‌బ్లొక్కాతా అంటే తాళం లేదు. లోపల మనుషులు కదిలినప్పుడల్లా, భయపడకండి, తలుపు తెరిచే ఉంది అని ఆ గొంతు ధైర్యం చెబుతుంది. గాలికి గొర్రెలు ఊగినా మనుషులే అనుకుని లైటు వేసి, వాటికీ ధైర్యం చెప్పింది. ఇక స్‌బ్రినమెంతో, ఉన్న మంచు కరిగించడం.

"మరి ఇది?" అన్నాను ఆకుపచ్చ రేకు చూపించి, ఆఖరి ఆశతో. "స, పింజెరే."

"స్పింజెరే. నెట్టండి అని," అంది. "ఇందులో అసలు ఉపసర్గే లేదు. దాన్ని ఎందుకు విరిచావు? అచ్చు లేకుండా ఒంటి హల్లు ఎక్కడైనా ముక్కవుతుందా? ఈ సకారం ఎప్పుడూ పక్క హల్లునే పట్టుకుని ఉంటుంది."

గంగన్నకి తెలుగులో చెప్పాను. అతను కోటు జేబులోంచి నేను రాసిచ్చిన కాగితం తీశాడు, మడత విప్పాడు, ఆ మాట దగ్గర వేలు పెట్టాడు.

"మన తెలుగుల గూడ స కింద ప వత్తే గదా తమ్మీ," అన్నాడు. "ఏడో తరగతోనికి గూడ తెలుసు. నువ్వెందుకు ఇరగ్గొట్టినవ్?"

సిగ్గుతో చావడానికి నలభై ఆరు డిగ్రీలు సరిపోతాయి.

పరీక్ష అక్కడే మొదలైంది. నేను నేర్పినదాన్ని మొత్తం తిరగేసి చెప్పమని గంగన్న చెవిలో అన్నాను. అది చాలు అతనికి. స్కారికో అని పడితే ఖాళీ చేశాడు. స్‌బ్లొక్కాతా అని పడితే తలుపు తెరిచాడు. నెట్టి. ఆ తర్వాత ఆవిడ అడక్కుండానే మొదలుపెట్టాడు, నేను అనువాదం చేశాను. లోపల కూచున్నప్పుడు తలుపు కింద ఎడమ మూల రబ్బరు దగ్గర సన్నటి వెలుతురు గీత కనిపించిందనీ, అక్కడ చలి కారిపోతోందనీ. చివరి కొక్కెం బోల్టు వదులుగా ఉందనీ, ఆ గొర్రె మిగతావాటికంటే ముందు తిరుగుతోందనీ. స్పీకరు తీగ సకారం దగ్గర ఊగుతోందనీ.

ఆవిడ వెళ్లి మూడూ చూసుకుంది. తిరిగొచ్చి, గంట సేపు లోపల కూచుని గదిని పరీక్షించిన మనిషిని తను ఇంతవరకూ చూడలేదంది. మేం ఆ మాటని సరిదిద్దలేదు.

సాయంత్రం ఫలితాల కాగితం వచ్చింది. రెండు పేర్లు. రెండోది నాది, నేర్పినవాణ్ణి కదా అని మేనేజర్ సారు నా పేరూ కలిపారు. గంగారాం ఎదురుగా 'ఇదోనియో' అని ఉంది. కింద సంతకం. అంటే అర్హుడు అని ఆవిడే చెప్పింది. గంగన్న బయటికెళ్లి గోడ వైపు తిరిగి చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. అతని వెనక నుంచి 'టెక్నీషియన్' అన్న మాట ఒక్కటే వినిపించింది, మూడుసార్లు.

నా పేరు ఎదురుగా 'ఇనిదోనియో' అని ఉంది.

నేను ముక్కలు చేశాను. ముందు 'ఇన్'. ఇది సకారం కాదు, పూర్తి అక్షరం, అచ్చు కూడా ఉంది, మోసం చెయ్యదు. ఇంగ్లీషులో కూడా ఇన్ అంటే లోపల. అర్హుడు అతను. లోలోపలి నుంచి అర్హుణ్ణి నేను. వెంటనే మనామా బజారుకి వెళ్లి కిలో మైసూర్‌పాకు తెచ్చి షెడ్డంతా పంచాను. షఫీక్ భాయ్ రెండు తీసుకున్నాడు. చివరికి దొనాతెల్లా దగ్గరికి వెళ్లి డబ్బా చాపాను.

"దేనికి?" అంది.

"నేను ఇనిదోనియో అయినందుకు, మేడమ్."

ఆవిడ డబ్బాలోకి చూసింది. ఒక ముక్క తీసుకుని నమిలి మింగింది. ఇంకొకటి తీసుకుంది.

"నలభై ఏళ్లుగా పరీక్షలు పెడుతున్నాను," అంది. "అనర్హుడని రాసినందుకు మిఠాయి పంచినవాడు నువ్వే మొదలు."

కనుక పాఠకులారా, మూడేళ్లుగా దాచుకుని రాయిలా మారిన ఆ అర డబ్బా మైసూర్‌పాకు మీద కుడిచెయ్యి పెట్టి, నిండు స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ భాష మాటనీ నా చేత్తో విరవను. అది దానంతటది విరిగి నా కాళ్ల దగ్గర పడినా ముక్కలు ముట్టుకోను. ముందు గంగారాం టెక్నీషియన్ గారిని పిలిచి చూపిస్తాను.